ఎవరికి కిరాయికి ఇస్తావు? హన్మకొండలో మొదటిసారి ఇల్లు కొనే ముందు

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. పోయిన దసరాకు వచ్చి, జమ్మి చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి లేచీ లేవకముందే అడిగాడు. "మామా, నా దగ్గర పదిహేను లక్షలున్నయ్. హైదరాబాద్‌ల కొనే తాహతు లేదు. ఇక్కడ్నే ఏదన్న కొని కిరాయికి ఇద్దామనుకుంటున్న. ప్లాటా, ఫ్లాటా?"

మన నోట్లో ఆ రెండూ ఒక్కతీరే పలుకుతాయి కాబట్టి మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చింది. జాగ కొనాల్నా, అపార్ట్‌మెంట్‌లో ఇల్లు కొనాల్నా అని వాడి ప్రశ్న. జాగ అయితే కిరాయి రాదు, దాని గురించి ఈ లెక్కలో మాట్లాడటమే దండగ. ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే దాని రాబడి. మామునూరు ఎయిర్‌పోర్టు పేరు చెప్పి, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ పేరు చెప్పి, గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కు పేరు చెప్పి జాగలు అమ్మేవాళ్లకు కొదవ లేదు. వాటితో ధర పెరిగితే మంచిదే. కానీ వాడికి కావాల్సింది నెలనెలా చేతికొచ్చే పైస.

నేను వాడిని ఎదురు ప్రశ్న అడిగాను. "ఎవలికి ఇస్తవురా?"

"ఎవలన్న వస్తరు గద మామా."

పదకొండేళ్ల కింద నేనూ ఇట్లనే అనుకున్నాను. ఇల్లు కొని టూలెట్ బోర్డు పెడితే ఎవరో ఒకరు వస్తారన్నది నిజమే. వచ్చినవాళ్లు ఎంతకాలం ఉంటారు, ఏ నెలలో ఖాళీ చేస్తారు, ఏం పాడు చేస్తారు అన్నది మాత్రం మనం ఏం కొన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ముందు మనిషిని అనుకుని, ఆ తర్వాత ఇల్లు వెతకాలి.

మన ఊళ్లో కిరాయికి ఉండేదెవరు

హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడూ కలిసిపోయిన ఊరు ఇది. 2021లో జిల్లాల పేర్లు మారి హన్మకొండ, వరంగల్ అయ్యాయి. రెండు కలెక్టరేట్లు, కోర్టులు, కార్పొరేషన్, నక్కలగుట్టలో కరెంటు సంస్థ హెడ్డాఫీసు, బ్యాంకులు, కాజీపేటలో రైల్వే ఉన్నాయి. వీటిలో పనిచేసే ఉద్యోగి రెండు బెడ్‌రూములు, కారు పెట్టుకునే చోటు, దగ్గర్లో బడి అడుగుతాడు. అయిదో తారీఖులోపు కిరాయి వేస్తాడు, బదిలీ అయ్యేదాకా కదలడు.

ఎంజీఎం దవాఖాన, కాకతీయ మెడికల్ కాలేజీ, సుబేదారి, బాలసముద్రం చుట్టూ ఉన్న ప్రైవేటు దవాఖానల వల్ల డ్యూటీ డాక్టర్లు, నర్సులు వస్తారు. నర్సులు నలుగురు కలిసి ఒక పోర్షన్ తీసుకుంటారు. రాత్రి డ్యూటీ దిగి నడిచొచ్చే దారిలో లైట్లున్నాయా, గేటుకు తాళం ఉందా అన్నది వాళ్లకు ముఖ్యం. అది ఉంటే అయిదు వందలు ఎక్కువైనా ఇస్తారు.

అందరూ మర్చిపోయేవాళ్లు ఇంకొకరున్నారు. ములుగు, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి పిల్లల చదువు కోసం వచ్చే కుటుంబాలు. తండ్రి ఊళ్లో వ్యవసాయం చూసుకుంటాడు. తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక్కోసారి నానమ్మ ఇక్కడ ఉంటారు. వాళ్లకు ఫ్లాటు అక్కర్లేదు, లిఫ్టు అక్కర్లేదు. రెండు అర్రలు, వంటిల్లు, నీళ్లు చాలు. పత్తి అమ్మేదాకా ఒక నెల కిరాయి ఆలస్యం కావచ్చు, అమ్మగానే రెండు నెలలది కలిపి చేతిలో పెడతారు, వస్తూ వస్తూ కందులో పెసర్లో తెస్తారు. పెద్దపిల్ల ఇంటర్ అయిపోయినా చిన్నోడు తొమ్మిదిలో ఉంటాడు కాబట్టి ఐదారేళ్లు కదలరు. నా అనుభవంలో ఇంతకంటే మంచి కిరాయిదారులు లేరు.

విద్యార్థులు చివరివాళ్లు. నయీంనగర్, కిషన్‌పుర, విద్యారణ్యపురి, భీమారం అంతా వాళ్లదే. వాళ్ల సంగతి తర్వాత.

అపార్ట్‌మెంట్ ఫ్లాటు

మేనల్లుడి మనసు దీని మీదే ఉంది. కాబట్టి ముందు లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, నువ్వు చూసిన ఫ్లాటు అంకెలు ఇందులో పెట్టుకో.

ధర 45 లక్షలు అనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 3,37,500. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు లోను అయితే బ్యాంకు ఇల్లు విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. కాబట్టి లోను 36 లక్షలు, చేతిలోంచి 9 లక్షలు, రిజిస్ట్రేషన్ 3.4 లక్షలు, అల్మారాలు, ఫ్యాన్లు, గీజరుకు ఇంకో లక్ష. వాడి పదిహేనులో పదమూడున్నర అక్కడికే పోతాయి.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు నెల కిస్తు 31,240 దాకా పడుతుంది. కిరాయి 12,000 వస్తుందనుకుందాం. ఏడాదికి పన్నెండు నెలలు లెక్క కట్టొద్దు, పదకొండే కట్టు. 1,32,000 వచ్చింది. అందులో ఇంటి పన్ను, రిపేర్లు, రంగులు, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ కలిపి 18,500 తీసేస్తే మిగిలేది 1,13,500. పెట్టిన 49 లక్షల చిల్లరకు ఇది 2.3 శాతం. బ్యాంకులో ఊరికే డిపాజిట్టు వేసినా ఇంతకు రెండింతలకు పైగా వస్తుంది. నెలకు వచ్చేది 9,458, కట్టేది 31,240. మధ్యలో ఉన్న దాదాపు 21,800 వాడి జీతంలోంచి 20 ఏళ్లు పోవాలి. "కిరాయితోనే కిస్తు వెళ్లిపోతుంది" అని బ్రోకరు చెబితే ఈ లెక్క ఆయన ముందు పెట్టు.

మరి ఫ్లాటు ఎందుకు కొంటారంటే, దాని ధర పెరుగుతుందని. పెరిగేది గోడలు కాదు, కింద జాగలో మన వాటా. అన్‌డివైడెడ్ షేర్ అంటారు దాన్ని. డాక్యుమెంటులో అది ఎన్ని గజాలో ముందు చూడాలి. ఒకే ధర చెప్పే రెండు ఫ్లాట్లలో ఒకదానికి 28 గజాలు, ఇంకోదానికి 42 గజాలు ఉండొచ్చు. ఇటాలియన్ మార్బుల్ చూసి మురిసిపోయి ఈ అంకె అడగని వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ని నేనే.

నా ఫ్లాటు పై అంతస్తులో. మూడో వానకాలానికే పైకప్పు నుంచి నీళ్లు దిగాయి. అసోసియేషన్‌లో పైస లేదు, బిల్డరు ఫోను ఎత్తడు, కింది అంతస్తుల వాళ్లకు అది వాళ్ల సమస్య కాదు. అందులో ఉన్న బ్యాంకు ఉద్యోగి ఒక నెల ఓపిక పట్టి వెళ్లిపోయాడు. ఐదు నెలలు ఖాళీ. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది, పది ఫ్లాట్లకు ఎనిమిదే కారు పార్కింగులని. నాది మిగిలిన రెండింట్లో ఒకటి. కారున్న ఉద్యోగి కోసం ఇల్లు కొని, కారు పెట్టే చోటు చూడలేదన్నమాట.

కొత్త అపార్ట్‌మెంట్ అయితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు అడుగు. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లు చిన్న జాగల్లో లేస్తాయి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "మాకు రెరా వర్తించదు" అని బిల్డరు అంటే అబద్ధం కాకపోవచ్చు, కానీ అప్పుడు నీ జాగ్రత్త నువ్వే రెండింతలు పడాలి. కట్టడం సాగుతున్నప్పుడు కొంటే జీఎస్టీ కూడా ఉంటుంది, మామూలుగా 5 శాతం. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా అయితే 1 శాతం. కట్టడం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అసలే లేదు.

ఇంత చెప్పినా ఫ్లాటుకు ఒక గుణం ఉంది. ఓనరు ఊళ్లో లేకపోయినా నడుస్తుంది. మోటారు, సంపు, చెత్త, గేటు అన్నీ వాచ్‌మన్ చూసుకుంటాడు. హైదరాబాద్ నుంచి నూట నలభై కిలోమీటర్లు నల్లా లీకేజీ కోసం రాలేవు కదా.

సొంతింటి మీద పై అంతస్తు

మా బావకు, అంటే మేనల్లుడి నాన్నకు, గోపాలపూర్‌లో కింద ఇల్లు ఉంది. దాని మీద 900 ఎస్ఎఫ్‌టీ పోర్షన్ వేస్తే, ఎస్ఎఫ్‌టీకి 1,900 అనుకున్నా 17 లక్షల చిల్లర. జాగ ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. కిరాయి ఫ్లాటు కంటే తక్కువే, 9,000 అనుకో. పదకొండు నెలలకు 99,000, ఖర్చులు పోను 86,000. పెట్టినదానికి 5 శాతం. వాడి పదిహేను లక్షలకు కొంచెం కలిపితే చాలు. కావాలంటే ఇల్లు పెంచుకోవడానికి బ్యాంకులు లోను ఇస్తాయి కూడా. ఫ్లాటుకు 2.3, దీనికి 5. అయినా ఇంట్లో ఎవరికీ ఇది పెట్టుబడి లెక్క కనపడదు. "కొన్న" అని నలుగురికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు మరి.

దీనికి షరతులున్నాయి. మొదటిది పునాది. పాత ఇళ్లు కొన్ని పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసి కట్టినవి, వాటి మీద ఇంకో స్లాబు వేయొద్దు. పిల్లర్లు ఉన్నా, వాటి మీద రాడ్లు పైకి వదిలినంత మాత్రాన సరిపోదు. మేస్త్రీ మాట నమ్మకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించు. ఆయన ఫీజు వేలల్లో ఉంటుంది, పొరపాటు లక్షల్లో ఉంటుంది. రెండోది పర్మిషన్. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద, అంటే నిబంధనల ప్రకారమే కడతామని మనం రాసిచ్చే హామీ మీద, ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. కింద ఇల్లు చుట్టూ వదలాల్సిన జాగ వదలకుండా కట్టి ఉంటే మాత్రం ఇక్కడ ఇరుక్కుంటావు.

మూడోది మెట్లు, బయటి నుంచే ఉండాలి. మన హాల్లోంచి కిరాయివాళ్లు ఎక్కి దిగుతుంటే ఆరు నెలల్లో ఎవరో ఒకరు ఇల్లు విడిచిపెట్టాలి. నాలుగోది కరెంటు మీటరు, పోర్షన్‌కు వేరే పెట్టించు. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది కాబట్టి ఒకే మీటరు మీద ఇద్దరి వాడకం కలిస్తే బిల్లూ పెరుగుతుంది, గొడవా పెరుగుతుంది. పైగా గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితం, తెల్ల రేషన్ కార్డున్న కిరాయివాళ్లకు కూడా వర్తిస్తుంది. ఊళ్ల నుంచి చదువుల కోసం వచ్చే కుటుంబాలు అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నల్లో వేరే మీటరు ఉందా అన్నది ఒకటి.

ఇంకో మాట, నచ్చకపోయినా చెప్తాను. సొంతింటి పైన కిరాయికి ఇచ్చేటప్పుడు "మీరేంటోళ్లు?" అని కులం అడగటం మన ఊళ్లో ఇంకా పోలేదు. తప్పు అన్నది ఒకటి, దాన్ని పక్కన పెట్టినా నష్టం కూడా. పది మంది వస్తే ఏడుగురిని ఆ ఒక్క ప్రశ్నతో పంపించేసి, మూడు నెలలు పోర్షన్ ఖాళీగా పెట్టుకుని, "కిరాయిలు లేవు" అని బాధపడేవాళ్లు మా గల్లీలోనే ఇద్దరున్నారు.

విద్యార్థుల గదులు, హాస్టల్ బిల్డింగు

కాగితం మీద అన్నింటికంటే ఎక్కువ ఆదాయం ఇదే. ఒక అర్రలో ముగ్గురు, తలకింత. నాలుగు అర్రలుంటే ఉద్యోగి కుటుంబం ఇచ్చేదానికి రెండింతలు వస్తుంది. కానీ ఈ ఆదాయం క్యాలెండరు చూసి వస్తుంది. అడ్మిషన్లు అయ్యాక నిండుతుంది, పరీక్షలు అయ్యాక ఖాళీ అవుతుంది. ఎండాకాలం రెండు మూడు నెలలు లెక్కలోంచి తీసేయాలి. 2020లో కరోనాకు కాలేజీలు మూసినప్పుడు నయీంనగర్‌లో గల్లీలకు గల్లీలు తాళాలు పడ్డాయి. హాస్టల్ నడిపేవాళ్లకు బిల్డింగు మొత్తం లీజుకు ఇచ్చిన ఓనర్లు కూడా నెలల తరబడి కిరాయి చూడలేదు.

బ్రోకరు "ఎన్‌ఐటీ పక్కనే" అంటే తల ఊపకు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. కిరాయి గదులు వెతికేది యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీలు, కోచింగులు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు. వాళ్లకు ఎన్‌ఐటీ పక్కన ఉంటే ఏం, లేకుంటే ఏం?

బాత్రూంలు, నల్లాలు, తలుపు గొళ్లేలు ఏడాదికోసారి మార్చాలి. నీళ్ల మోటారు రోజుకు నాలుగుసార్లు వేయాలి. దగ్గర ఉండి చూసుకునే మనిషి లేకపోతే ఇది మొదటిసారి దిగేవాడి పని కాదు.

మడిగెలు

మడిగె కిరాయి గజం లెక్కన ఇల్లు కంటే ఎక్కువ, దుకాణం కుదురుకుంటే ఏళ్ల తరబడి కదలదు. కుదురుకోకపోతే ఏడాది షట్టరు దించే ఉంటుంది. హోమ్ లోను రాదు, కమర్షియల్ లోనుకు వడ్డీ ఎక్కువ, కాలం తక్కువ. ఇంటి పన్ను కూడా ఎక్కువే. చౌరస్తా, స్టేషన్ రోడ్డు లాంటి చోట్ల ధర మొదటిసారి కొనేవాడికి అందదు. అందే ధరలో కొత్త కాలనీల్లో దొరికేవాటికి ఇంకా జనం రాలేదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంత వెడల్పో చూడకుండా మాత్రం బయానా ఇవ్వొద్దు. రోడ్డు వెడల్పులో మడిగె ముందు సగం పోతే వెనక సగానికి కిరాయి ఉండదు.

పాత ఇల్లు, మూడు పోర్షన్లు

ఫ్లాటుకు పెట్టే డబ్బుకు ఇటువంటి ఇల్లు హన్మకొండ నడిబొడ్డున దొరకదు. కరీమాబాద్, రంగశాయిపేట, శివనగర్ వైపు ఓపికగా వెతకాలి. ఫ్లాటులో నలభై గజాల వాటా వచ్చే చోట ఇక్కడ వంద గజాల జాగ మొత్తం నీదే అవుతుంది. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతా రెండు కిరాయి ఇస్తూనే ఉంటాయి, నాకు ఇది బాగా నచ్చేది. కానీ పాత ఇంటికి పాత తగాదాలుంటాయి. తాత పేరు మీద ఉన్న ఇంటిని ఒక కొడుకు అమ్మితే, మిగతా కొడుకులు, బిడ్డలు అందరి సంతకాలు ఉన్నాయా చూడాలి. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక, తీయించు, లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు, వకీలుకు చూపించు. నోటరీ కాగితం మీద, సాదా కాగితం మీద చేతులు మారిన ఇల్లు ఎంత సస్తాకు వచ్చినా వద్దు. బ్యాంకు లోను ఇవ్వదు, రేపు నువ్వు అమ్మబోతే కొనేవాడికీ ఇవ్వదు.

వానలో ఒకసారి చూడు

ఏది కొన్నా ఇది తప్పదు. కాకతీయుల కాలం నుంచి ఇది చెరువుల ఊరు. ఆ నీళ్లు పోయే దారుల్లో ఇప్పుడు మన కాలనీలున్నాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు పడవలతో జనాన్ని తీసుకురావాల్సి వచ్చింది. అటువంటి చోట గ్రౌండ్ ఫ్లోర్ ఎండాకాలంలో సస్తాగా కనిపిస్తుంది. ఓనరును అడగకు, పక్కింటి ముసలమ్మను అడుగు. కాంపౌండు గోడ మీద నీటి చార వెతుకు. సర్వే నంబరు శిఖం భూమిలో, అంటే చెరువు భూమిలో గానీ, చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల గానీ పడిందేమో కూడా చూపించుకో.

పన్ను, కాగితం

కిరాయి ఆదాయంలోంచి కట్టిన ఇంటి పన్ను, మిగిలినదాంట్లో 30 శాతం తీసేసి, లోను వడ్డీ కూడా తీసేస్తారు. పైన చెప్పిన ఫ్లాటుకు మొదటి ఏడాది వడ్డీయే మూడు లక్షలు దాటుతుంది కాబట్టి కిరాయి మీద పన్ను పడదు. మిగిలిన నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలో తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో కుదరదు. మేనల్లుడు ఉన్నది కొత్త విధానంలో. "ట్యాక్స్ మిగులుతుంది" అని ఎవరో చెబితే ఫ్లాటు వైపు ఒరిగిన వాడికి ఈ మాటతో సగం ఉత్సాహం పోయింది.

కిరాయి ఒప్పందం పదకొండు నెలలకు రాసుకో. రెండు నెలల అడ్వాన్సు, ఏటా ఎంత పెంచుతావో, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటావో ముందే అందులో రాయి. రంగుల దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి.

మేనల్లుడు రెండు వారాలు ఆలోచించి ఫోను చేశాడు. వాడు హైదరాబాద్‌లో ఉన్నా కింద అమ్మానాన్నలు ఉంటారు కాబట్టి మోటారు, గేటు, కిరాయి వసూలు వాళ్లు చూసుకుంటారు. పై అంతస్తే వేద్దాం అన్నాడు. పిల్లర్లు చూడటానికి ఇంజినీరు ఈ ఆదివారం వస్తానన్నాడు. మా అక్క అప్పుడే పరకాల దిక్కు చుట్టాలకు చెప్పి పెట్టింది, పిల్లల చదువుకు ఎవరన్నా వస్తుంటే చూడమని. బావ మాత్రం మెట్లు తూర్పుకు పెట్టాల్నా, దక్షిణానికి పెట్టాల్నా అని పంతులును అడగడానికి పోయిండు.